నూనె డబ్బాల వెంట హైదరాబాద్‌లో నాలుగు రోజులు

బయల్దేరిన రాత్రి

మా నాన్న ఇప్పటికీ దాన్ని "ఆ పాడు ఆముదం" అనే అంటాడు. 2006లో కల్యాణదుర్గం దగ్గర మాకున్న నాలుగెకరాల మెట్టలో రెండెకరాలకు శనక్కాయ మానేసి అడవి ఆముదం, అదే జట్రోఫా, నాటాడు. డీజిల్ చెట్టు అన్నారు. నీళ్ళక్కర్లేదు, మేకలు ముట్టవు, ముప్పై ఏళ్ళు కాపు, గింజలన్నీ మేమే కొంటాం అని ఒక కంపెనీ మనుషులు జీపులో వచ్చి సంతకాలు కూడా పెట్టించుకుపోయారు. మేకలు ముట్టవన్న మాటొక్కటే నిజమైంది. నీళ్ళు లేకున్నా చెట్టు బతికింది గానీ కాయలేదు. కాసిన కాస్త కూడా ఒకేసారి పండదు. గుత్తిలో నాలుగు కాయలు ఎండితే నాలుగు పచ్చిగా ఉండేవి. ఏరే కూలి ఎక్కువ, గింజ తక్కువ. చివరికి మూడు బస్తాలు మూట కట్టి చూస్తే జీపు మళ్ళీ రాలేదు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఎస్టర్ల పాఠం (నూనెలూ బయోడీజిలూ ఆ కోవవే) వచ్చినప్పుడల్లా పిల్లలకు ఈ కథ చెప్పడం అలవాటైపోయింది. ఈ కార్తీకంలో తార్నాకలో అక్క వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం అని పిలుపొచ్చింది. వ్రతం ఒక పూట. మిగతా రోజులు నావి. పంటల నుంచీ వాడి పారేసినవాటి నుంచీ ఇంధనం తీయడం గురించి ఇన్నేళ్ళుగా పుస్తకంలో చెబుతున్నదాన్ని ఒకసారి కళ్ళతో చూద్దామని బయల్దేరాను.

కాచిగూడ వెళ్ళే రాత్రి రైల్లో ఎదురు బెర్తు పెద్దాయనది గద్వాల వైపు పల్లె. నా పని చెప్పగానే ముఖం మాడ్చుకున్నాడు. "ఇథనాలా సారూ? మా దిక్కు ఆ మాటెత్తితే కొడతరు" అన్నాడు. వాళ్ళ జిల్లాలోని పెద్ద ధన్వాడలో ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) ఫ్యాక్టరీ వద్దంటూ 2025 జూన్‌లో జనం తిరగబడ్డ సంగతి పేపర్లో చదివాను. అంతకు ముందు ఏడాది నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వాళ్ళు హైవే మీదే కూర్చున్నారు. నారాయణపేట జిల్లా చిత్తనూరు గొడవ ఇంకా పాతది. చదివినప్పుడు నాకు కొంచెం చిరాకే వేసింది, పరిశ్రమ వస్తే వద్దంటారేమిటని. ఆయన మాత్రం ఒకటే అడిగాడు. "పెట్రోలు మీ హైదరాబాద్‌ల పోస్కుంటరు, వాసన మా ఊర్ల ఎందుకు?" హైదరాబాద్ నాది కాదని చెప్పేలోపే దుప్పటి కప్పుకున్నాడు.

మొదటి రోజు: తార్నాక

బావ స్టేషన్‌కి బండి మీద వచ్చాడు. 2014లో కొన్న బండి. దారిలో పెట్రోలు పోయించుకుంటూ, "ఏం బామ్మర్దీ, మీ ఇథనాల్ నా బండి కొంప ముంచింది. లీటరుకు యాభై ఇచ్చేది, ఇప్పుడు నలభై ఆరు దాటట్లేదు" అన్నాడు, అదేదో నేను కలిపినట్టు.

బావ లెక్క మరీ తప్పేమీ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గాలి. అంటే నలభై ఆరున్నర రావాలి. ఆ మిగతా అర కిలోమీటరు బావ గొణుగుడు. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత బండ్ల రబ్బరు ట్యూబులకు అంతగా పడదు. కానీ ఇది ఎంత వేగంగా జరిగిందో చూస్తే ఆశ్చర్యమే. 2013-14లో మన పెట్రోలులో ఇథనాల్ వాటా 1.53 శాతం. 2022 జూన్‌కి 10 శాతం. 2030కి అనుకున్న 20 శాతాన్ని ముందుకు జరిపి 2025కే ముట్టుకున్నారు. చెరుకు మడ్డితో మొదలైన పని నూకలకు, మొక్కజొన్నకు పాకింది. టన్ను మొక్కజొన్నకు 380 లీటర్ల దాకా వస్తుంది. ఆ టన్ను నిన్నటిదాకా కోళ్ళ దాణాకు పోయేది. మొక్కజొన్న అమ్ముకునే దేశం 2024లో బయటి నుంచి కొనుక్కునే దేశమైంది. గుడ్డు ధర పెరిగినప్పుడల్లా కోళ్ళఫారాల వాళ్ళు ఇథనాల్ పేరెత్తడం అందుకే.

బావకు మెట్రో స్తంభాల నీడలో టిఫిన్ సెంటర్ ఉంది. పొద్దున ఇడ్లీ, దోసె, పూరి. సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు. చలికాలం కదా, నాలుగున్నరకే బాణలి చుట్టూ జనం. నా కళ్ళు మాత్రం బల్ల కింద వరసగా పెట్టిన డబ్బాల మీద పడ్డాయి. 15 కిలోల రేకు డబ్బాలు, మూతల చుట్టూ జిడ్డు, లోపల కాఫీ డికాక్షన్ రంగు నూనె.

"ఇవెవరికి?"

"వారానికోసారి వ్యాన్ వస్తుంది. కిలోకి యాభై ఇస్తాడు. బయోడీజిల్‌కంట."

అంతకు ముందు ఏం చేసేవాడివి అని అడిగితే కాసేపు బాణలి వైపే చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. బండ్ల మీద బజ్జీలు వేసేవాళ్ళు వచ్చి అదే నూనెను డెబ్బైకి కొనుక్కుపోయేవాళ్ళట. ఇప్పటికీ అడుగుతారట. అక్క ఊరుకోదు. "ఆ నూనె తిన్నవాడి పాపం మనకెందుకురా" అని నాతో అంది, బావకు వినబడేలా.

2018 జూలై 1 నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన ఒకటుంది. వేపగా వేపగా నూనెలో పేరుకునే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనెతో మళ్ళీ వండకూడదు. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవాళ్ళు లెక్క రాయాలి, వాడిన నూనెను గుర్తింపు ఉన్న వాళ్ళకే ఇవ్వాలి. బావది రోజుకు పది లీటర్ల వ్యవహారం, ఆ పుస్తకం అవసరం లేదు. హైదరాబాద్‌లో ఇలాంటి బావలే ఎక్కువ. యాభైకీ డెబ్బైకీ మధ్య ఉన్న ఆ ఇరవై రూపాయలే వ్యాన్‌కు అసలు పోటీ.

సాయంత్రం వ్యాన్ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు. చేతిలో థర్మామీటర్ లాంటి మీటరు. నూనెలో ముంచి చూసి 31 అన్నారు. తూకం వేసి, ఫోన్‌లో డబ్బు పంపి, ఖాళీ డబ్బాలు ఇచ్చి వెళ్ళారు. ఐదు నిమిషాల పని. ఇంకా ఎన్ని దుకాణాలు తిరగాలని అడిగితే, "ముప్పై రెండు అన్నా. ట్రాఫిక్‌ల సగం అయితయి" అన్నాడు ఒకడు.

రెండో రోజు: గేటు బయట చాయ్

హబ్సిగూడ దారిలోని ఐఐసీటీని, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీని, పాతవాళ్ళు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. 1944లో నిజాం రాజ్యపు పరిశోధనశాలగా మొదలై, 1956లో రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీగా మారి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. నూనెలూ కొవ్వుల మీద పని ఇక్కడ మొదటి నుంచీ ఉన్నదే. తిరుపతిలో నాతో ఎమ్మెస్సీ చదివినవాడొకడు లోపల పనిచేస్తున్నాడు. పాస్ ముందే అడగాలట. నాకా బుద్ధి లేదు. గేటు దగ్గర ఆపేశారు. వాడే బయటికొచ్చి రోడ్డవతల చాయ్ దుకాణానికి తీసుకెళ్ళాడు. ఒక రకంగా అదే మేలైంది. లోపలైతే ఇన్ని తిట్లు తిట్టేవాడు కాదు.

"మీ నాన్నకు చెప్పు, డీజిల్ ఇంజన్ పుట్టిందే మీ శనక్కాయ నూనె తాగి" అని మొదలుపెట్టాడు. ఆ కథ నాకూ తెలుసు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. పెట్రోలియం నూనె కోసం చేసిన ఇంజనే, ఏమీ మార్చకుండానే ఎంత బాగా నడిచిందంటే, తేడా అక్కడున్నవాళ్ళలో కొద్దిమందికే తెలిసిందని రుడాల్ఫ్ డీజిలే తర్వాత 1912లో చెప్పుకున్నాడు. ఆలోచన మాత్రం ఫ్రెంచి ప్రభుత్వానిది. ఆఫ్రికాలో వాళ్ళ వలసల్లో వేరుశనగ బాగా పండేది, అక్కడి ఇంధనం అక్కడే తీద్దామని. తర్వాత భూమిలోంచి వచ్చిన నూనె చవకైపోయి ఆ మాట మూలన పడింది.

మరి ఇప్పుడు నూనెను నేరుగా ఎందుకు పొయ్యకూడదు? చిక్కన. ఇప్పటి ఇంజన్ సన్నని నాజిల్‌లోంచి చిమ్మాలి. అందుకే దాన్ని విరగ్గొడతారు. నూనె అణువు అంటే గ్లిజరిన్ కొయ్యకు కట్టిన మూడు పొడుగు తోకలు. మెథనాల్, కాస్త కాస్టిక్ కలిపి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే తోకలు మూడూ ఊడొచ్చి మెథనాల్‌ను పట్టుకుంటాయి. అదే బయోడీజిల్. గ్లిజరిన్ అడుగున దిగుతుంది. వంద కిలోల నూనెకు పది పదకొండు కిలోల మెథనాల్ పోస్తే వంద కిలోల దాకా బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్. ఇంటర్ పిల్లాడు కూడా ల్యాబ్‌లో చేస్తాడు.

"నీ ల్యాబ్‌లో కొత్త నూనె. మీ బావ డబ్బాలో ఏముంటుంది?" అన్నాడు వాడు చాయ్ గ్లాసు బల్ల మీద కొట్టి. మిర్చిలోని నీళ్ళు, శనగపిండి మడ్డి, వేడికి విడిపోయిన ఫ్యాటీ ఆమ్లాలు. అందులో నేరుగా కాస్టిక్ వేస్తే వచ్చేది డీజిల్ కాదు, సబ్బు. కాబట్టి ముందు వడకట్టాలి, నీళ్ళు ఆవిరి చెయ్యాలి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆ విడి ఆమ్లాలను మెథనాల్‌కు కట్టాలి, ఆ తర్వాతే కాస్టిక్. మరుసటి వారం ఇంకో హోటల్ నూనె వస్తుంది. దాంట్లో మేక కొవ్వు. మళ్ళీ లెక్కలన్నీ మార్చాలి.

పెద్ద కంపెనీలు ఈ తలనొప్పికి వేరే దారి తొక్కాయి. మెథనాల్ బదులు హైడ్రోజన్. మూడు వందల డిగ్రీలకు పైన, బాగా ఒత్తిడిలో, ఉత్ప్రేరకం మీదుగా నూనెను హైడ్రోజన్‌తో కలిపి పంపితే అందులోని ఆక్సిజన్ ఎక్కువగా నీరై పోతుంది. మిగిలేది భూమిలోంచి తీసిన డీజిల్ లాంటిదే. ఎంత కావాలంటే అంత కలపొచ్చు, చలికి గడ్డకట్టకుండా అణువులను వంచొచ్చు, ఇంకొంచెం విరిస్తే విమానాల ఇంధనం కూడా అవుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన నెస్టె 2007లో పోర్వూలో మొదలుపెట్టి, 2010లో సింగపూర్, 2011లో రాటర్‌డామ్ దాకా విస్తరించింది. ఇటలీలో వెనిస్ దగ్గరి పాత పెట్రోలియం రిఫైనరీనే 2014లో ఈ పనికి మార్చేశారు. రిఫైనరీని కూల్చకుండా లోపలికి పోసే సరుకును మార్చడం నాకు భలే నచ్చింది.

సరుకు అనేసరికి వాడు మళ్ళీ రేగాడు. ఈ రిఫైనరీలన్నిటికీ వాడిన నూనె కావాలి. యూరప్ మొదట పామాయిల్ డీజిల్ వాడింది, ఆ పామాయిల్ కోసం అడవులు పోతున్నాయని ఇప్పుడు 2030కల్లా మానేస్తానంటోంది. ఇండోనేషియా మాత్రం తన పామాయిల్‌ను తన డీజిల్‌లోనే 40 శాతం కలిపేస్తోంది. దాంతో వాడిన నూనెకు గిరాకీ పెరిగి చైనా నుంచి ఓడల్లో వస్తోంది. వాడిన నూనె కొత్త నూనె కంటే ఎక్కువ పలికే రోజులొస్తే ఏమవుతుంది? కొత్త పామాయిల్‌కే వాడిన నూనె అని పేరు పెట్టి పంపుతున్నారన్న అనుమానం యూరప్‌లో ఎప్పటి నుంచో ఉంది.

"రిఫైనింగ్ మాకొదిలెయ్ రా. రోజూ ఒకే రకం సరుకు, ఒకే ధరకు తెచ్చిపెట్టేవాణ్ణి నాకు చూపించు. అప్పుడు చెప్తా బయోడీజిల్ అంటే ఏంటో" అని లేచాడు. చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను.

మధ్యాహ్నం వ్రతం. ప్రసాదం రెండుసార్లు తిన్నాను.

మూడో రోజు: బోయిన్‌పల్లి

వాడు చూపించమన్న మనిషి మనిషి కాదు, మార్కెట్ అని మర్నాడు తెలిసింది.

బావ కూరగాయలకు బోయిన్‌పల్లి వెళ్తాడు. నాలుగింటికే లేపాడు. మంచు, ప్యారడైజ్ దగ్గర ఖాళీ రోడ్లు. మార్కెట్ లోపలికి అడుగుపెట్టగానే వేరే లోకం. టమాటా బాక్సులు, కాలీఫ్లవర్ గుట్టలు, "సైడ్, సైడ్" అంటూ హమాలీలు. కాలి కింద క్యాబేజీ ఆకులు మెత్తగా జారుతున్నాయి. బావ బేరాలాడుతుంటే నేను ఆ ఆకుల వెంట వెళ్ళాను. మార్కెట్ ఆవరణలోనే బయోగ్యాస్ ప్లాంటు ఉంది. నిన్న నన్ను లోపలికి రానివ్వని ఐఐసీటీ వాళ్ళదే సాంకేతికత, అక్కడి శాస్త్రవేత్త గంగాగ్నిరావు గారి బృందం తయారుచేసింది. 2021 జనవరి 31న ప్రధాని మన్ కీ బాత్‌లో దీని గురించి చెప్పారు.

పద్ధతి చూస్తే పెద్ద రహస్యమేమీ లేదు. చెత్త బెల్టు మీద పైకి పోతుంది, ముక్కలవుతుంది, జావలా రుబ్బుతారు, గాలి చొరని ట్యాంకులోకి పంపుతారు. అక్కడ సూక్ష్మజీవులు తిని మీథేన్ వదులుతాయి. మామూలు గోబర్ గ్యాస్ తొట్టిలో పైన తెట్టు కడుతుంది, అడుగున మడ్డి పేరుకుంటుంది. ఇక్కడ వచ్చిన గ్యాస్‌నే మళ్ళీ కిందికి పంపి దాని బుడగలతోనే కలియబెడతారు. తక్కువ చోటు, తక్కువ రోజులు. పది టన్నుల చెత్తకు రోజుకు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ అని లెక్క. కరెంటు మార్కెట్ దీపాలకూ నీళ్ళ మోటార్లకూ, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి.

500 యూనిట్లంటే ఎంత? మా కాలనీలో రెండు మూడు ఇళ్ళ నెల బిల్లు. పది టన్నులకు అంతేనా అనిపించింది. కానీ ఆ పది టన్నులను లారీలకెత్తి ఊరవతల పొయ్యడానికి అయ్యే డీజిల్ కూడా లెక్కలో వెయ్యాలి కదా. అసలు కిటుకు ట్యాంకులో లేదు. సరుకు తనంతట తనే రోజూ పొద్దున ఇక్కడికి నడిచొస్తుంది. రైతు తెస్తాడు, వ్యాపారి పారేస్తాడు. ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు, ముప్పై రెండు దుకాణాలు తిరగక్కర్లేదు. ఇవాళ టమాటా ఎక్కువ, రేపు క్యాబేజీ ఎక్కువ, అంతే తేడా. సూక్ష్మజీవులకు ఆ మాత్రం ఓపిక ఉంటుంది.

ఆ ఓపిక ప్లాస్టిక్ దగ్గర మాత్రం చెల్లదు. బెల్టు పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కవర్లు, గోనెతాళ్ళు ఏరుతున్నారు. "దారం పోతే మిషన్ ఆగుతది సార్" అంది ఒకామె తల ఎత్తకుండానే. ఇంత పెద్ద పరిశ్రమకు ఆధారం ఆమె వేళ్ళే.

2018లో కేంద్రం సతత్ పథకం కింద ఇలాంటి గ్యాస్‌ను వాహనాలకు నింపేలా 5,000 ప్లాంట్లు వస్తాయంది. గడువు నాటికి పదో వంతు కూడా రాలేదు. బోయిన్‌పల్లి లాంటి మార్కెట్లు అయిదు వేలు ఎక్కడున్నాయి?

నాలుగో రోజు: పటాన్‌చెరు, రాత్రి బస్సు

తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మియాపూర్, అక్కడి నుంచి బస్సులో బీహెచ్ఈఎల్, రామచంద్రాపురం మీదుగా పటాన్‌చెరు. ఇక్రిశాట్ ప్రహరీ రోడ్డు వెంట కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. 1972లో పెట్టిన అంతర్జాతీయ మెట్టపంటల సంస్థ. ఇక్కడ తీపి జొన్నను పెంచారు. కంకిలో గింజ, కాడలో చెరుకులా రసం. గింజ తినడానికి, రసం ఇథనాల్‌కు. తిండికా ఇంధనానికా అన్న గొడవే ఉండదు, నీళ్ళు కూడా చెరుకు కంటే చాలా తక్కువ. 2007లో ఈ సంస్థ తోడ్పాటుతో సంగారెడ్డి దగ్గర దీనికోసమే రోజుకు 40 వేల లీటర్ల డిస్టిలరీ పెట్టారు.

కొన్నేళ్ళకే ఆగింది. జొన్న కాడ నరికాక గంటలు గడిచేకొద్దీ తీపి తగ్గుతుంది. దూరం నుంచి ఎడ్లబండి, ట్రాక్టర్ వచ్చి లైన్లో నిలబడేలోపే చక్కెర పోతుంది. ఏడాదిలో కొన్ని నెలలే పంట, ఫ్యాక్టరీకి మాత్రం ఏడాది పొడుగునా తిండి కావాలి. ఊళ్ళోనే రసం తీసి పాకంలా కాచి పంపుదామని మెదక్ వైపు ఇబ్రహీంబాద్‌లో ఒక యూనిట్ పెట్టి చూశారు. అది తెలివైన ఆలోచనని ఇప్పటికీ నా అభిప్రాయం. రైతుకు బెల్లం కాచడం కొత్త కాదు కదా.

బ్రెజిల్‌కు ఇదే పని ఎలా కుదిరింది? 1973 చమురు దెబ్బ తర్వాత 1975లో మొదలుపెట్టారు. మిల్లు చుట్టూ చెరుకు, చెరుకు పిప్పే బాయిలర్‌కు కట్టె, చక్కెర ధర బాగుంటే చక్కెర, లేకుంటే ఇథనాల్. 2003 నుంచి ఏది పోసినా నడిచే కార్లొచ్చాయి. అమెరికా 2005లో, 2007లో చట్టాలు చేసి మొక్కజొన్నను ఎత్తుకుంది. ప్రపంచ ఇథనాల్‌లో వంద లీటర్లకు ఎనభై ఈ రెండు దేశాలవే. అక్కడ కూడా గడ్డీ కాడల దగ్గరికొచ్చేసరికి చతికిలపడ్డారు. గడ్డిలో చక్కెర ఉంది గానీ లిగ్నిన్ అనే జిగురులో పాతిపెట్టి ఉంది. ఆవిరితో, ఆమ్లంతో ఉడికించి, ఎంజైములతో కోసి బయటికి లాగాలి. లాగినదాంట్లో కొంత మామూలు ఈస్టు తినదు. అయోవాలో డ్యుపాంట్ 2015లో తెరిచిన ప్లాంటును రెండేళ్ళకే వదులుకుంటానంది. మనం 2022 ఆగస్టు 10న పానిపట్‌లో తెరిచాం. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు అని. ఆ గడ్డి కోత అయిన కొద్ది రోజుల్లోనే పొలాల్లోంచి ఎత్తెయ్యాలి, లేకుంటే రైతు అగ్గిపుల్ల గీస్తాడు. పటాన్‌చెరు నుంచి తిరిగొస్తుంటే మా బస్సు ముందు గడ్డి లారీ ఒకటి రోడ్డంతా ఆక్రమించి పోతోంది. పెద్ద గుట్ట, తూకం చూస్తే ఏముంటుంది? మోసేదంతా గాలి.

రాత్రి ఎంజీబీఎస్‌లో అనంతపురం బస్సెక్కాను. శంషాబాద్ దగ్గర విమానం ఒకటి తల మీదుగా దిగింది. యూరప్ విమానాశ్రయాల్లో 2025 నుంచి 2 శాతం వాడిన నూనె లాంటివాటితో చేసిన ఇంధనం కలపడం తప్పనిసరి. మనది 2027కి అంతర్జాతీయ విమానాల్లో 1 శాతమనే లక్ష్యం. నాన్నకు ఫోన్ చేశాను. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం అడవి ఆముదం నూనె కలిపిన ఇంధనంతో ఎగిరిందని, గింజలు ఛత్తీస్‌గఢ్ రైతులవని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"మనది గుడ్క కంచె పొడుగునా ఉంది కదప్పా. మొన్న వానలకు కాసింది కూడా" అన్నాడు. ఆ తర్వాత, "కిలో ఎంతంట ఇప్పుడు?"

నాలుగు రోజులు తిరిగి ఆ ఒక్కటీ నేను ఎవరినీ అడగలేదు.